ఇంకోసారి

అక్టోబరు మూడో వారం
రేవుకొచ్చే పడవకి ఊపిరాడదు.
మా ముందుగది అద్దె రాత్రికి ఎనిమిది వందల పెసోలు,
కోడికూతలు ఉచితం.

ఇసిద్రా అత్త నెల్లాళ్లు
అరటినార పీకి, ఉతికి, ఎండేసి
మనవరాలు క్లారిబెల్‌కి గౌను కుట్టింది.
నడుం చుట్టూ లాన్సోనెస్ గుత్తులు.
వేళ్లకంటిన ఆ పాలజిగురు
కిరసనాయిలుకీ లొంగలేదు.

డప్పుల మోత అగ్నికొండకి తగిలి తిరిగొచ్చింది.
వీధి పొడవునా, చెమటలో రంగు కారుతుండగా
పిల్ల ఆడింది.
చెట్లకి చెప్పాల్సిన మాట చెప్పేసింది.

అప్పుడొకాయన,
కొత్త టోపీకి ధరచీటీ ఇంకా ఊగుతూ,
"ఇంకోసారి ఆడమనండి, ఫోన్లో పడలేదు" అన్నాడు.

అత్త గౌనులోంచి ఓ పండు తుంచి
అతని చేతిలో పెట్టింది.
"గింజ కొరక్కు నాయనా, చేదు."
కొరికాడు.

ఆ మొహాన్ని ఎవరూ ఫొటో తియ్యలేదు.
క్లారిబెల్ మాత్రం నవ్వాపుకోలేక
చెప్పులు చేతబట్టుకుని
ఓ గిరికీ కొట్టింది.
అతని కోసం కాదు.

రాత్రి, గౌనుకి మిగిలిన పళ్లు
మెట్లమీద కూచుని తినేశాం.
గింజలు పెరట్లోకి ఉమ్మాం.
మొలిస్తే, పదిహేనేళ్లకి కాయొచ్చు.