సున్నా రోజు

మంచి పని వార్తయిన రోజును మేం సున్నా అంటాం.
దానికి ముందు ఐదు రోజులు, తర్వాత ఐదు,
మొత్తం పదకొండు రోజుల కిటికీ.
అందులోంచి చూస్తే మనుషులు కనబడరు,
గీత ఒకటి కనబడుతుంది.

సాంతియాగోలో జూలై నెల.
కొండల్ని మింగిన పొగ మధ్యాహ్నానికి గాని కక్కదు.
నాలుగో అంతస్తులో, కిరోసిన్ హీటరు వాసనలో
నేనూ యస్నా మర్దోనెసూ
ఆరేళ్ళ కంపెనీ ప్రకటనల్ని గళ్ళల్లో నింపుతున్నాం.

బడికి రంగులు వేయించారు.
ఆసుపత్రికి అంబులెన్సు ఇచ్చారు, తాళంచెవి అట్టముక్కంత పెద్దది.
చెట్లు నాటారు.
ఎన్ని నాటారో ఉంది,
ఎన్ని బతికాయో రాసుకోవడానికి గడి లేదు.

ప్రతి మంచి పని పక్కనా ఆనాటి షేరు ధర.
ఊరంతా లేచినందుకు తానూ లేచిన భాగాన్ని తీసెయ్యాలి.
తీసెయ్యగా మిగిలిందే మంచితనానికి మార్కెట్ కట్టిన వెల.
దాని శాస్త్రీయ నామం అసాధారణ లాభం.
ఇప్పటికి మాకు తేలింది
వందకు పావలా.
అది కూడా ఉందో లేదో గట్టిగా చెప్పలేని పావలా.

నూట పద్నాలుగో వరస: సాల్ ఆల్తా.
సెరేనో రాగి కంపెనీ ఊరికి కుళాయిలు వేయించింది.
ఫొటోలో గాజుగ్లాసు పట్టుకున్న ముసలామె,
ఎండకి కళ్ళు చికిలించి, చెప్పినట్టే నవ్వుతూ.
అది సున్నా.
రెండో రోజున గని వ్యర్థాల చెరువు గట్టు తెగింది.
షేరు ఆరు శాతం పడింది.
ఏట్లో పోసినా ఎంచి పోయమన్నారు పెద్దలు.
వీళ్ళు ఎంచే పోశారు,
ఏరే మిగల్లేదు.

ప్రొఫెసర్ ఒలెగారియో చెడ్డవాడు కాదు.
కిటికీలో ఇంకో వార్త పడితే
ఏది దేని ఫలితమో చెప్పలేం, ఆ వరస తీసెయ్యండి, అన్నాడు.
నిజమే. రేపు నేను పాఠం చెప్పినా అదే చెబుతాను.
అలాంటి వరసకి ఒక పేరుంది:
కలుషితమైన పరిశీలన.

యస్నా వేలు మౌస్ మీద ఆగింది.
"మా పిన్ని ఎడువినా," అంది ఫొటో చూపిస్తూ.
ఇన్నాళ్ళూ చెప్పలేదు.
తర్వాత తనే నొక్కింది.
నూట పదిహేను వచ్చి నూట పద్నాలుగులో కూర్చుంది,
ఖాళీ కుర్చీ దొరికినవాడిలా.

లెక్క మళ్ళీ నడిపాం.
పావలా పక్కన నక్షత్రం వెలిగింది.
ఒక్కటే, చిన్నది,
ఇది కాకతాళీయం కాదని చెప్పే గుర్తు.
ప్రొఫెసర్ కిందికెళ్ళి వేడి రొట్టెలూ అవకాడోలూ తెచ్చాడు.
"మా ఎడారికి ప్రపంచమంతా
నక్షత్రాలు చూడ్డానికే వస్తుంది,"
అంది యస్నా, రొట్టె విరుస్తూ.
నవ్వాలో వద్దో మాకు తెలీలేదు.

సాయంత్రం మెట్ల దగ్గర ఫోన్లో ఆమె గొంతు:
"వచ్చిందా? ఇంకా రాలేదా?
సరే, డ్రమ్ము మీద మూత పెట్టు, దుమ్ము పడుతుంది."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టి, చాలక,
లోపలికొచ్చి క్యాలెండర్ తీశాను.
సున్నా తర్వాత తొమ్మిది వందల పన్నెండో రోజు.
సాల్ ఆల్తాలో ఎడువినా
నీళ్ళ లారీ కోసం చూస్తోంది.
మార్కెట్ మూసి రెండు గంటలైంది.