తీగకు ఆరడుగుల ఇవతల

ముప్పయ్యొక్క ఏండ్లు
చెట్లను నేను తలకాయ దిక్కు నుంచే ఎరుగుదును.
నిచ్చెన మీది మనిషికి మొదలుతో పనేముంది?
ఏ కొమ్మ జల్ది పెరుగుతది,
ఏది ఎండినంక కూడ తీగను ఇడిచిపెట్టది,
ఏది గాలికంటే ముందే చేతులెత్తేస్తది,
గంతే నా చదువు.

సుబాబుల్, నెలకు మూరెడు.
తురాయికి అందమెక్కువ, ఒంట్ల సత్తువ లేదు,
రోహిణిల మొదటి దుమారానికే
పోయి ఫీడర్ మీద పంటది.
కానుగను కొడితే మళ్లొస్తది, కోపం పెట్టుకోకుంట.
వేపను కొడితే మాత్రం
ఏదో ఒక ఇంట్ల నుంచి ఒక ముసలామె బయటికొచ్చి
నా ఏడు తరాలను యాది చేస్తది.

ఇప్పుడు మడికొండల రెండు వందల గజాలు.
రెండు అర్రలు, చుట్టూ మొరం.
గడ్డపార వేస్తే టంగుమని రాయి జవాబిస్తది.
"ఊరందరి చెట్లు కొట్టినవు,
ఒక్కటన్న పెట్టరాదూ" అన్నది మొగిలమ్మ.

ములుగు రోడ్డు నర్సరీల
పచ్చ జాలి గుడ్డ కిందికి తోలుకపోయిండు ఓదేలు.
"కోనోకార్పస్ ఉండె సార్, బంద్ జేసిన్రు.
గీ పామ్ చెట్లు తీస్కోండ్రి, విల్లా లెక్క కొడ్తది.
గోడెంబడి దురంత పెట్టుండ్రి,
నెలకోసారి కత్తెర పడితే సోఫా తీరు కూసుంటది."
కత్తెర అనంగనే నా కుడి భుజం గుంజింది.
"పింఛన్ల కూడ అదే డ్యూటీనా?" అన్న.
"మొగిలి పొద ఇయ్యన్నా మరి? మంచి వాసన."
"ఉన్నది ఇంట్ల" అన్న, పక్కకు చూడకుంట.

జామ అన్నది ఆమె.
జామ పెట్టినమంటే గుట్ట మీది కోతులన్ని
రేషన్ కార్డులు పట్టుకొని లైన్ల నిలబడ్తయి.
సీతాఫలం అన్నది.
వాటికి పండేదాక ఓపికుండదు, మనకు కాయ దక్కది.
మునగ అన్నది.

మునగ వద్దు.
పరకాల సెక్షన్ల, వాన ఆగిన పొద్దు,
నిచ్చెన అందక
హెల్పర్ సాయిలు మునగ కొమ్మ మీద కాలు పెట్టిండు.
పొగిడి ఎవరూ ఎక్కియ్యలే, పాపం,
పని ఎక్కిచ్చింది.
ఆ కాలు మళ్ల పాత కాలు కాలే.
మొగిలమ్మ ఇంకేం అడగలే.
కొంచెంసేపు ఓదేలు పైపు నీళ్ల చప్పుడే.

గోడ సంగతి ఆమే తెంపింది: గోరింట.
"ఆషాఢంల వాడకట్టు ఆడపోరగాళ్లు గిల్లుకపోతరు,
నీకు కత్తెర పని తప్పుతది."
ముప్పయ్యొక్క ఏండ్ల సర్వీసుల
గింత సల్లటి లెక్క ఏ ఇంజినీరూ చెప్పలే నాకు.
గేటు పక్కకు తంగేడు కూడ అట్లనే.
ఓదేలు దగ్గర లేదు, "దాన్ని ఎవరు కొంటరమ్మా" అని నవ్విండు.
గుట్ట ఎనుక కాయలు కొంగుల ఏరుకొచ్చింది,
ఎంగిలిపూల నాడు అదీ ఊరిదే అయితది.

చెట్టు మాత్రం నేను తీసుకున్న, పారిజాతం.
"పదిహేను అడుగుల కాడ తనంతల తనే ఆగుతది"
అన్నడు ఓదేలు.
పక్కింటి వీరాచారి సర్వీసు తీగ
మా మూల మీదికెల్లి పోతది, పద్దెనిమిది అడుగుల ఎత్తున.
ఓదేలు మాట మీద నమ్మకం లేక
ఆరడుగులు ఇవతలికి జరిగి
రెండు దినాలు గుంత తవ్విన.
రెండు తట్టల చెరువు మట్టి, ఒక తట్ట ఎరువు.
మిరుగం నాడు పెట్టి, పాదు చేసి,
గొంతుక కూసున్న.
ఒక చెట్టు మొదలు గింత దగ్గరికెల్లి
చూసుడు నాకు గదే ఫస్టు.
లావు ఎంత? ఇన్సులేషన్ తీసిన తీగంత.
ఒక చీమ ఎక్కింది, కొనకు పోయింది, దిగింది.

నాలుగో రాత్రి దుమారం లేసింది.
ఫ్యాను ఆగింది.
చెవి పాతదే గద, ఫోన్ మోగుతదని చూసిన.
మోగలే.
టార్చి పట్టుకొని బయటికొచ్చిన.
మోకాలెత్తు మొక్క, రెండాకులు తక్కువ,
తీగ ఎక్కడనో పైన, చీకట్ల.

"ఏమైంది?" లోపట్నుంచి మొగిలమ్మ.
"కరెంటు పోయింది" అన్న.
"మన చెట్టుతోని కాదు."