ఖాసింబీ వేలు

ఏటుకూరు రోడ్డు కారం మిల్లులో
ఆ వేసవికి మూడో తెర చచ్చిపోయింది.
విప్పి చూస్తే అంచు రబ్బరు కింద
వెంట్రుకంత సందు.
అందులోంచి లోపలికి నడిచెళ్లిన ఎర్రపొడి
బోర్డు మీద పలచగా, కుంకంలా.
ఊదాను. నాకే తుమ్ములొచ్చాయి.

"ఈసారి గట్టిది తెద్దాం, నువ్వే చూడు"
అన్నారు ఓనరు గారు
చేతిలో ఫోను తిప్పుతూ,
ఇట్టాంటి అద్దమే కావాలన్నట్టు.

బెజవాడ ఆటోనగర్ నుంచి వచ్చిన కుర్రాడు
చీరల కొట్లో గుమాస్తాలా
మూడు తెరలు బల్ల మీద పరిచాడు.
దుమ్ము ఆపడంలో ఆరు, నీళ్లు ఆపడంలో అయిదు,
డెబ్భై డిగ్రీల వేడి, యాభై వేల గంటల వెలుగు.
"యాభై వేలంటే ఎన్నేళ్లయ్యా?"
"ఆపకుండా వెలిగితే ఆరేళ్లకు దగ్గర, సార్."
నాకిక్కడ పంతొమ్మిదో ఏడు.
నా గంటలు ఏ కాగితం మీదా లేవు.

ఆ కాగితం మీద లేనిది ఇంకొకటుంది:
ఖాసింబీ వేలు.

షిఫ్టెక్కే ముందు
మోచేతుల దాకా కొబ్బరినూనె రాస్తుంది,
మంట పట్టకుండా.
దాని మీద గుడ్డ చేతొడుగు.
రెండు చేతుల్లో జల్లెడుంటే మెటికతో,
ఒక్కోసారి పెన్నుమూతతో నొక్కుతుంది.
ఆమెకు స్టార్టంటే పచ్చది, కుడి మూల.
చదవదు. చూడనూ చూడదు.
చీకట్లో గడియకు వెళ్లినట్టు
చెయ్యే వెళ్తుంది.

రెండో గ్రైండరు పక్కన, తేజ కాయ ఆడే చోట
ఒక్కో తెరనూ వారం చొప్పున వేలాడదీశాను.

మొదటిదాంట్లో నా మొహం నున్నగా కనిపించింది.
చేతొడుగుకి పలకలేదు.
విప్పి నొక్కితే నూనె మరక మీద వేలు జారి
ఆగమంటే జోరందుకుంది.

రెండోది మంచిదే. చేతొడుగుకీ పలికింది.
శుక్రవారం కడుగుడు రోజు
పైపు చిమ్మిన నాలుగు చుక్కలు దాని మీద పడ్డాయి.
నీటిబొట్టును వేలనుకుంది.
ఎవరూ ముట్టకుండానే పచ్చ వెలిగింది.
అప్పుడు తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి
అడుగంటింది గోకుతున్నాడు ఏసుదాసు.

పొద్దున నేను పీకి జేబులో వేసుకున్న
మోటారు ఫ్యూజు
నా తొడకు తగిలింది, చల్లగా.

ఏసుదాసు చెయ్యి బయటకు తీశాడు.
అయిదు వేళ్లూ చూసుకున్నాడు.
టీకి వెళ్లాడు.

మూడోది మసక.
పాలిథిన్ కవరు వెనక నుంచి చూసినట్టుంటుంది బొమ్మ.
రెండు పొరలు, మధ్యన ఇంత గాలి.
అదిమితేనే పలుకుతుంది:
మెటికకీ, మూతకీ, నూనె నానిన గుడ్డకీ.
నీటిబొట్టుకు ఆ బరువు లేదు.
సాయంత్రం పడమటి తలుపు ఎండకి
చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి.
పైపొర గీతలు పడుతుంది, రెండేళ్లకోసారి మార్చాలి.
ఇవన్నీ ఓనరు గారికి చెప్పాను. దాచలేదు.

"పాతకాలం ఏటీఎంలా ఉందేందయ్యా!
వచ్చినోళ్లకు చూపిస్తే బాగోదు."
"చూసేవాళ్లకు కాదండీ, నొక్కేవాళ్లకు"
అన్నానని ఇప్పుడు రాస్తున్నాను గానీ
అప్పుడంత బాగా అనలేదు.
ఏసుదాసు చెయ్యి సంగతి మొదలెట్టి
గొంతు పట్టేస్తే
ఘాటండీ అని దగ్గాను.

మసకదే కొన్నారు.
ఎండకి పైన రేకు టోపీ పెట్టించాను.
పక్కనే పుట్టగొడుగంత ఎర్ర బటను,
తెర కాదది, ఉత్త స్ప్రింగు;
గుద్దితే అన్నీ ఆగిపోతాయి.

ఏడాదయింది.
కుడి మూల పచ్చ మీద
గోరంత గుంట పడింది.

మొన్న కూతురి కానుపని ఖాసింబీ రాలేదు.
కొత్తగా చేరిన సౌరమ్మ తెర ముందు నిలబడి
"ఏది నొక్కాలన్నా?" అంది.
నేను నోరు తెరిచేలోగా
ఆమె వేలు ఆ గుంటలోకి దిగింది.
మిల్లు కదిలింది.
సౌరమ్మ తుమ్మింది.