బల్లార్షాలో దిగితే

మీకు మా ఊరు ఇరవై నిమిషాలు.
కిటికీలోంచి చెయ్యి చాపి చాయ్ తీసుకుని
చిల్లర లెక్క చూసుకునేంత సేపు.
తరవాత దుప్పటి మొహం మీదికి లాక్కుంటారు,
ఢిల్లీ ఇంకా చాలా దూరం.

ఒక్కసారి దిగండి.
స్టేషన్ బోర్డు మీద బల్హార్షా,
గేటు దాటితే బల్లార్‌పూర్,
మా నాయిన నోట చచ్చేదాకా బల్లార్షానే.
మూడూ ఒకటే ఊరు, కంగారు పడకండి.

ముందు ముక్కు మూసుకుంటారు. మూసుకోండి.
కాగితం మిల్లులో వెదురు ఉడుకుతోంది.
గాలి ఎటు తిరిగిందో మాకు చెప్పేది అదే.
వాసన రాని పొద్దున
అమ్మ మాట్లాడకుండా లేచి
బియ్యం డబ్బా మూత తీసి చూసేది.

కోట వార్ధా ఒడ్డున.
గోండు రాజు కట్టుకున్నాడు, ఒంటినిండా పుండ్లట,
చంద్రపూర్ నీళ్లకు మానితే
రాజ్యాన్నే అక్కడికి మోసుకుపోయాడట.
ఆత్రం జంగుబాపు ఈ కథ చెప్పి నవ్వుతాడు:
"నీళ్లు బాగుంటే రాజులు పోతరు,
బొగ్గు దొరికితే మీరొస్తరు."
నేనేమీ అనను. నదివైపు గుమ్మంలో
గబ్బిలాలు మేల్కొనే వేళ అది.

మేమొచ్చింది పెద్దపల్లి అవతల నుంచి,
చెరువులు పగుళ్లిచ్చిన ఏడు.
మేస్త్రీ పదిమందిని లెక్కపెట్టి రైలెక్కించాడు.
పదకొండోవాడు మా తాత, తూముల ఓదెలు.
బావి గుమాస్తా మరాఠీవాడు, "వడేలూ" అని రాసుకున్నాడు.
కరెంటు బిల్లు ఇప్పటికీ వడేలూ పేరు మీదే వస్తుంది.

శశికళా వాంఖేడే మా అమ్మకు పూరణ్‌పోళీ నేర్పింది,
అమ్మ ఆమెకు పచ్చిపులుసూ తిట్లూ నేర్పింది.
నల్లా దగ్గర బిందెలు తగిలినప్పుడు
శశికళ తెలుగులో తిట్టేది, అమ్మ మరాఠీలో.
అవతలి మనిషికి తగలాలి కదా.

నా బడి మరాఠీ.
తెలుగు నేర్చుకున్నది
పచ్చడి సీసాలకు చుట్టి వచ్చిన పాత పేపర్ల మీద,
నూనె మరకల మధ్య ఒత్తులు వెతుక్కుంటూ.
ఏ వార్తా చివరిదాకా తెలియదు,
కాగితం సరిగ్గా అక్కడే చిరిగి ఉండేది.
కాగితం చేసే ఊళ్లో.

ఇంకా ఏముంది? టేకు డిపో ఉంది.
వాన పడ్డాక వెళ్లాలి.
ప్రతి దుంగకూ నెత్తిమీద సుత్తి ముద్ర, నంబరు.
ఎవరి భవనాలకో తలుపులవుతాయి,
మేం తలుపు తట్టే అవసరం లేని భవనాలకు.
దుంగల మీద కూచుని
మా ఓవర్‌మన్ బాబాయి
తన నంబరు కూడా చెప్పేవాడు,
రిటైరై పదేళ్లైనా మర్చిపోకుండా.

అదిగో కూత. మీ రైలే.
పరుగెత్తండి, వంతెన మెట్లు ఎత్తుగా ఉంటాయి.
ఎక్కాక చేతులు చూసుకోండి,
కోట గోడ పట్టుకున్నారుగా, వేళ్లు నల్లబడి ఉంటాయి.
మసి అనుకుని భయపడకండి, బొగ్గు.
సబ్బుకు పోతుంది లెండి,
రెండోరోజుకు.