తోక ఈక

మలక్కాలో ఆ వీధి ఎంత సన్నమంటే
ఈ మేడ మీద పొలమారితే
ఎదుటి మేడ మీద మంచినీళ్ళు తాగుతారు.

పిస్తా రంగు గోడ, దానికి గులాబీ అంచు,
కిటికీల కింద పూల పింగాణీ పలకలు,
గుమ్మానికి నడుం దాకా చెక్కుడు అరతలుపులు.
అన్నిటికీ పైన, గోడ నుంచి ముందుకు ఉబికి
ఒక ఫీనిక్స్ పిట్ట,
తోకలో మూడు ఈకలు రాలిపోయి.

తియాం పెక్ పింగాణీ కొరుకుతాడు.
పటకారుతో గిన్నె అంచు పట్టి నొక్కితే
గోరంత ముక్క, ఈకలాగే వంగి ఊడొస్తుంది.
నా పని సున్నం నూరడం:
గవ్వల సున్నం, నానిన కాగితం, బెల్లం నీళ్ళు.
"బెల్లం నువ్వు తింటే పిట్ట నిలవదురా" అంటాడు రోజూ.
రోజూ తింటాను.

మూడోనాడు ఇంటావిడ బోంగ్ నియో
చేత్తో ఒక గిన్నె పట్టుకుని నిచ్చెన కింద నిలబడింది.
ఆకుపచ్చ ఒంటి మీద ఎర్రటి పియొనీ పువ్వు.
అమ్మ పెళ్ళినాటివి, మొత్తం పన్నెండు.
అమ్మ పోయాక ఆరు తనకి, ఆరు చెల్లెలు గ్వాట్ నియోకి.
"ఆరు కాదు, ఏడు పట్టుకుపోయింది"
ఎదురింటి మూసిన కిటికీకి వినపడేట్టు అంది.
పంతొమ్మిదేళ్ళుగా తేలని లెక్కట.

"మంచి గిన్నె. నేను కొరకను" అన్నాడు తియాం పెక్.
"పగిలిందైతే?"
"పగిలిందైతే చూద్దాం."
విసరలేదు ఆవిడ. వేళ్ళు తెరిచింది, అంతే.
ఐదడుగుల వసారా గచ్చు మీద చిన్న చప్పుడు.
రిక్షావాడొకడు తొక్కడం ఆపి చూశాడు.

ముక్కలు ఎక్కడ అతకాలో కూడా ఆవిడే చెప్పింది.
తోక మడతకి పైవైపు.
వీధిలో మెడలు వంచి ఫొటోలు తీసేవాళ్ళకి
ఆ చోటు అందదు.
"ఎవరికి కనపడాలని అక్కడ?" అన్నాను.
తియాం పెక్ మోకాలితో పొడిచాడు.
నిచ్చెన మీద వెనక్కి తిరిగాను.
నా వీపుకి సూటిగా, అదే ఎత్తులో, ఆ కిటికీ.

మర్నాడు పిట్ట తోక పొడుగునా చీమల బారు.
"బెల్లం మరీ ఎక్కువేశావు" అని ఆయన,
తినేది నేనే కదా అని నేను.
ఎదుటి కిటికీలో ఒక చెక్క రెక్క అడ్డం తిరిగింది.
గాలికే కావచ్చు.
లోపలి నుంచి ఒక ముసలి గొంతు,
మాతో కాదు, ఎవరితోనూ కాదు:
"అయితే ఇంక దానికి నాలుగే."

తియాం పెక్ చేతిలో పటకారు ఆగింది.
నేను సున్నం నూరుతూనే
వేళ్ళ మీద లెక్కేశాను, రెండుసార్లు.