డి డ్రైవ్‌ల ఉన్నది

సీటీసీ బేస్‌మెంట్‌లకు ఎండ రాదు.
ట్యూబ్‌లైటే మాకు పొద్దు.
దుప్పట్ల చుట్టి, స్కూటీ మీద ఒళ్లో పెట్టుకొని
తిరుమలగిరి నుంచి తెచ్చిండ్రు సీపీయూని
పిలగాడు, వాని మేనత్త.
దారిల ప్రతి స్పీడ్‌బ్రేకర్ కాడ
ఆమె కాళ్లు కింద ఆనించిందట.

పిలగాని పేరు ఎలియాజరు. తొమ్మిదో తరగతి.
మాట్లాడేది తక్కువ, చూపెట్టేది ఎక్కువ.
"ఇగో అన్నా" అని ఫోల్డరు తెరిచిండు.
ఎనభై ఏడు జీబీ.
అండ్ల ఒక అడవి ఉన్నది, వాన చప్పుళ్లున్నయి,
గుర్రం డెక్కలు రాయి మీద ఎట్ల మోగాలె
బురదల ఎట్ల మోగాలె, అన్నీ రాసి ఉన్నయి.

ఎవడో గల్లీ మెకానిక్కు
విండోస్ కొత్తగ ఎక్కించిండు, సీ డ్రైవ్ తుడిచిండు.
డి డ్రైవ్ ముట్టలేదు, పుణ్యాత్ముడు.
కానీ లాంచర్ తెరిస్తే
ఆట బొమ్మ బూడిద రంగుల ఉన్నది,
కింద నీలం బిళ్ల మీద ఒకటే మాట:
ఇన్‌స్టాల్.

బియ్యం బస్తా మీదనే కూసోని
బియ్యం లేవు, పోయి తెమ్మన్నట్టు.

"నెట్టు రోజుకు ఒకటిన్నర జీబీ అన్నా.
యాభై ఎనిమిది రోజులు."
లెక్క ఇంటికాన్నే చేసుకొచ్చిండు.

నాకు నవ్వు రాలె.
పోయిన నెల వార్డాఫీసుల
రెండు గంటలు లైన్ల నిలబడ్డ నేను.
బోరబండ నుంచి లాలాగూడకు ఇల్లు మారిన పాపానికి
ఓటర్ లిస్టుల పేరు ఎగిరిపోయింది.
ఆయన కంప్యూటర్‌నే చూసుకుంట అన్నడు:
"మీరు లేరండీ."
నా చెయ్యి ఆయన టేబుల్ మీదనే ఉన్నది.
అద్దం మీద చెమట మరక సుత పడ్డది.
"కొత్తగా రాసుకోండి, మొదటి నుంచి."

లాంచర్ ఇల్లంత తిరిగి చూడదు.
దానికి ఒక చిన్న చిట్టా ఉంటది, పది పన్నెండు లైన్లు.
అండ్ల ఉంటేనే ఉన్నట్టు.
లేకుంటే ఎనభై ఏడు జీబీల అడవి
ఉత్త గాలి.

దీనికొక ఉపాయమున్నది, కొంచెం దొంగది.
ఫోల్డరు పేరు మార్చి పక్కకు దాసిన.
నువ్వన్నదే నిజం తల్లీ, లేదు, అని
ఇన్‌స్టాల్ నొక్కిన.
అది సంబురంగ కొత్త ఫోల్డరు తవ్వుకున్నది.
ఒక్క శాతం కాంగనే ఆపి,
ఆ ఖాళీ గుంతల
పాత అడవిని దించి,
ఇగ నడువుమన్న.

అప్పుడు ఆగింది.
'ఉన్న ఫైళ్లను సరిచూస్తున్నాం.'

ఉన్న.
ఆ రెండక్షరాలు రెండుసార్లు చదివిన.

పన్నెండు శాతం. ముప్పై.
పై అంతస్తుల ఎవరో గోడకు డ్రిల్లింగు కొడుతున్నరు.
ఎలియాజరు గోర్లు కొరుకుడు ఆపి మళ్ల షురూ చేసిండు.
మేనత్త సంచిలకెంచి మక్కకంకి తీసి
సగం ఇరిచి నాకిచ్చింది, ఎందుకో.
అరవై నాలుగు కాడ మస్తు సేపు నిలబడ్డది.
కరెంటు పోతే, అనుకున్న. బయటికి అనలె.

నూరు.
నీలం బిళ్ల పచ్చగయింది.
కానీ వాడు ఇన్నాళ్లు ఆడిన ఆట
సీ డ్రైవ్‌ల ఉండేనట. అది పోయింది.
గుర్రం లేదు, గుడిసె లేదు,
అడవి అంచున ఒక్కడే, ఉత్త చేతులతోని.
ఎట్ల చెప్పాల్నో అని నేను గొంతు సవరించుకుంటుంటే
వాడే అన్నడు:
"పోనీ అన్నా. తొవ్వలు నాకు యాదున్నయి."

మూడొందలన్న.
మేనత్త తెరిచిన పర్సు మూసింది.
"ఏం జేసినవ్ బిడ్డా? ఉన్నదే గద!
ఉన్నదాన్ని ఉన్నదనిపిచ్చుటానికి మూడొందలా?"

రెండొందలు తీసుకున్న.
సోమవారం మళ్ల వార్డాఫీసుకు పోవాలె.
ఆమెను ఎంట తోల్కపోతే మంచిగుండు.