తలుపు లోపలి మాట

మా హంగేరియన్‌లో ఒక మాట ఉంది, సబద్.
ట్రామ్‌లో పక్క సీటు ఖాళీయేనా అని అడగాలన్నా అదే.
పెళ్లిలో ఎవరినైనా డాన్సుకి పిలవాలన్నా
కాస్త వంగి, చెయ్యి చాపి, అదే.
బయట ఎవరో తలుపు తడితే
పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా
మా తాత వెండెల్ వేసే కేకా అదే:
సబద్! రావచ్చు, గడియ వెయ్యలేదు.

దానికి చిన్న తోక తగిలిస్తే స్వేచ్ఛ అవుతుంది.
అదే తోకతో సెలవు కూడా అవుతుంది.
ఉక్కు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు
కొలిమి ముందు నిలబడ్డ తాతకి
స్వేచ్ఛంటే ఏడాదికి పద్దెనిమిది రోజులు,
ఒక గాలం, షయో నది ఒడ్డున తడి గడ్డి.

లిబరల్ అన్నది మాత్రం పరాయి మాట.
ఈ ఎన్నికల్లో గోడలన్నీ దాన్నే ఉమ్ముతున్నాయి.
మా లైబ్రరీలో కొన్ని పుస్తకాలకి ప్లాస్టిక్ తొడగమని
పై నుంచి కాగితం వస్తే
కత్తెర పక్కన పెట్టి, ఎందుకు? అన్నాను.
అంతే అన్నాను.
సాయంత్రానికి ఆ మాట నా పేరుకి అతుక్కుంది.
రొట్టెల కొట్టు బొర్బాలా
చిల్లర నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టింది.

తాత జాలిపడతాడనుకున్నాను.
సూపులో మిరపపొడి కలుపుతూ అన్నాడు:
"మిల్లు గేటుకి తాళం వేసినవాళ్లూ
ఆ మాటే చెప్పారమ్మాయ్.
కొనేవాడికి స్వేచ్ఛ, అమ్మేవాడికి స్వేచ్ఛ,
మాకేమో నచ్చిన చోటికి పొమ్మనే స్వేచ్ఛ.
నాకు నచ్చిన చోటు ఆ కొలిమే."

నా దగ్గర జవాబు లేదు.
ఉన్నట్టు కాసేపు నటించాను,
కోర్టులు, పత్రికలు, రాజ్యాంగం
అని వేళ్లు మడిచాను.
ఆయన రొట్టె తుంచుకుంటూ విన్నాడు,
వినడం మానలేదు, ఒప్పుకోనూ లేదు.

తర్వాత, అడక్కుండానే,
యాభై రెండో సంవత్సరం సంగతి తీశాడు.
తనకి పదేళ్లు. రాత్రి రెండు దాటింది. తలుపు చప్పుడు.
వాళ్ల నాన్న నిద్రమత్తులో, అలవాటు కొద్దీ,
సబ... అనేలోపే వాళ్లు గదిలో ఉన్నారు.
బూట్లకి మంచు.
"మిగతా సగం ఆయన నోట్లోనే ఉండిపోయింది.
నేనింకా దానికోసం చెవి పెట్టుకునే పడుకుంటాను."

సూపు మా ఇద్దరి మధ్యా చల్లారింది.

ఆ రాత్రి పక్కమీద ఒక వాక్యం అల్లుకున్నాను:
తట్టినవాడు ఎంత పెద్దవాడైనా,
ఎన్ని లక్షల ఓట్లు జేబులో వేసుకొచ్చినా,
లోపలివాడు సబద్ అనేదాకా
గడప అవతల కాళ్లు తుడుచుకుంటూ నిలబడాలి.
అంత నున్నగా కుదిరినందుకు
నాకే కొంచెం అనుమానం వేసింది.

పొద్దున్నే గిజెల్లా లకతోష్ వచ్చింది.
ఆ ఇంటిపేరుకి తాళాలు చేసేవాడని అర్థం.
రోమా వాళ్ల వీధిని బుల్‌డోజర్ చదును చేసి మూడేళ్లయింది,
స్టేడియం ముందు కార్లు నిలపడానికి.
కౌన్సిల్ చేతులెత్తి ఓటేసింది. అంతా చట్టప్రకారమే.
ఇప్పుడు పిల్లాడితో చెల్లెలి వంటగదిలో పడుకుంటుంది.
హీటర్ పక్క కుర్చీ చూపించి
నన్నడిగింది: సబద్?

ఎవరైనా వచ్చి తట్టడానికి ఆమెకి తలుపే లేదు.
నా రాత్రి వాక్యం ఎక్కడికో జారుకుంది.

సబద్, అన్నాను.
కూర్చుంది. చేతులు వెచ్చబెట్టుకుంది.
పిల్లాడు ప్లాస్టిక్ తొడిగిన పుస్తకమొకటి పట్టుకుని
మూలని గోటితో గీకుతున్నాడు,
కిర్రు, కిర్రు.
వద్దనలేదు నేను.

ఆదివారం పోలింగు.
ఎవరికేస్తున్నావని తాతని అడగలేదు, ఆయనా అడగలేదు.
బడి గదిలో ఓటు తెర ముందు
ఆయన ఆగి, చెక్క చట్రాన్ని
వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు.
లోపల ఎవరూ లేరు.
అయినా ఒక్క క్షణం నిలబడ్డాడు,
టోపీ తీసి, చెవి కాస్త పక్కకి వంచి.